అడ్డకర్ర ముందు హెడ్మాస్టారు

స్వారీ బడి,
ఆఫీసు గది.

వదినమ్మా,

నువ్వు నాకప్పగించి వెళ్ళిన హెడ్మాస్టారు మొండికేశారు. గుర్రానికి ఆ పేరు పెట్టింది నువ్వే కనక మర్యాద తప్పకుండా రాస్తున్నాను. నడక బాగుంది, పరుగు బాగుంది, తిండి సంగతి అసలు అడగనే వద్దు. మైదానంలో అడ్డకర్ర పెట్టామా, దాని దాకా దర్జాగా వచ్చి, తీరా దూకే సమయానికి నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు ఆగిపోతున్నారు. ఆగి కర్రని ఒకసారి, వీపు మీది మనిషిని ఒకసారి చూస్తారు. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు ఉంటుంది ఆ చూపు. ఇంతా చేసి అది మోకాలెత్తు కర్ర! నువ్వెక్కినప్పుడు నా ఛాతీ ఎత్తు అడ్డు దాటిన శాల్తీ ఇది.

వీపు మీది మనిషి ఎవరంటావా? ఒక కొత్త విద్యార్థి. నడివయసు, మహా బిడియస్తుడు. తన సంగతి ఎక్కడా పొక్కకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు కనక అడక్కు. వానలు వెలిశాక మన బడి వార్షికోత్సవం ఉంది చూడు, ఆ రోజు నలుగురి ముందూ ఆ కర్ర దాటి తీరాలట. ఇంకో గుర్రం ఇస్తానంటే ససేమిరా అన్నాడు. హెడ్మాస్టారే కావాలట.

ఇక నీ ఉద్యోగం సంగతి. ఒక్క సీజను పనికని వెళ్ళినదానివి, ఆ ఫారం యజమానురాలు అక్కడే ఉండిపొమ్మంటే 'ఆలోచిస్తానండీ' అన్నావా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆలోచించడానికేముంది అందులో? నాకు నువ్వు ఇక్కడ కావాలి. ఇందులో దాపరికమేమీ లేదు. వానలు వెలిసేలోగా ఆవిడకి జవాబు చెప్పాలన్నావు కదా, ఆలోగా నిన్నెలా రప్పించాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

అన్నయ్య కులాసా. వాచీల కొట్లో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటున్నాడు. నీ మాట ఎత్తడు. ఎత్తనంత మాత్రాన మనసులో లేదనుకోకు.

ముందు గుర్రం సంగతి తేల్చి పుణ్యం కట్టుకో.

నీ మరదలు

*

గుర్రాల ఫారం,
దాణా కొట్టు పైగది.

మరదలు పిల్లకు,

'మొండికేశారు' అన్న మాట ఇంకోసారి రాశావంటే ఉత్తరం తిప్పికొడతాను. స్వారీ బడి నడుపుతూ రాయాల్సిన మాటేనా అది? గుర్రం ఆగిందంటే ముందు దాని ఒళ్ళు చూడాలి. తరవాత సామాను. ఆ తరవాత వీపు మీది మనిషి. అన్నీ చూశాక ఇంకా ఏమైనా మిగిలితే అప్పుడు దాని బుద్ధిని తిట్టుకోవచ్చు. నా అనుభవంలో అంతదాకా ఎప్పుడూ పోలేదు. ఎక్కడో సలుపుతోందని అది నోరు విప్పి చెప్పలేదుగా, ఆగి చెబుతుంది.

హెడ్మాస్టారి వెన్నెముకకి రెండు పక్కలా వేళ్ళతో నొక్కుకుంటూ వెళ్ళు. ఎక్కడైనా చర్మం ఉలిక్కిపడుతుందేమో చూడు. జీను బోర్లించి తడుము, లోపలి ఊలు ఒక పక్కకి గడ్డకట్టి ఉంటే బరువంతా ఒక్కచోటే పడుతుంది. పళ్ళు చూడమని పశువైద్యురాలికి కబురు పెట్టు. డెక్కలు చూడమని నాడాల మేస్త్రికి చెప్పు. ఆయన అరుస్తాడని భయపడకు, అది ఆయన మామూలు గొంతే.

నా ఉద్యోగం సంగతి నీకు కాక ఎవరికి చెబుతాను? ఇక్కడ బాగుంది. పిల్ల గుర్రాలు గంతులేస్తుంటే వాటికి దూకడం నేర్పడమే నా పని. ఉండిపోతే రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారట. వచ్చేముందు మీ అన్నయ్యని అడిగాను. 'వెళ్ళమంటారా, వద్దంటారా?' అని. ఎవరిదో గడియారం విప్పుకుని కూర్చున్నారు. తలెత్తకుండానే 'నీ ఇష్టం' అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే మాట. ఇల్లు మారుదామా అంటే నీ ఇష్టం. గోడకి ఏ రంగు వేయిద్దామంటే నీ ఇష్టం. బయటివాళ్ళు విని, ఎంత మంచి మొగుడమ్మా అంటారు. వెళ్ళొద్దని ఒక్కమాట అని ఉంటే ఆగిపోయేదాన్నేమో. వెళ్ళమని గట్టిగా అన్నా సంతోషంగానే వచ్చేదాన్ని. ఏదీ అనకపోతే నేనున్నా లేకపోయినా ఒకటే అన్నట్టుంటుంది, మరదలా. అదీ నా బాధ.

గుర్రం విషయం రాయి. ఆ విద్యార్థి ఎవరో మహానుభావుడు, ఆయన నడుము జాగ్రత్త.

వదిన

*

స్వారీ బడి,
ఆఫీసు గది (కప్పు కారుతోంది, అక్షరాలు అలుక్కుంటే నా తప్పు కాదు).

వదినా,

నువ్వు నిజంగా మంత్రగత్తెవే. జీను బోర్లిస్తే ఎడమ పక్క ఊలంతా రాయిలా ఉంది. విప్పించి కొత్తగా నింపించాను. పళ్ళు భేషుగ్గా ఉన్నాయట. నాడాల మేస్త్రి వచ్చి, 'ఈ కాళ్ళకేం, నా కాళ్ళకంటే బాగున్నాయి' అని బడంతా దద్దరిల్లేలా అరిచి వెళ్ళాడు.

కొత్త ఊలు, నిగనిగలాడే డెక్కలు, ఇంకేం కావాలి? మా విద్యార్థి ఎక్కాడు. హెడ్మాస్టారు ఉత్సాహంగా కర్ర దాకా వెళ్ళారు. ఆగారు. మా విద్యార్థి మాత్రం ఆగలేదు. గుర్రం మెడ మీదుగా జారి, కర్ర అవతల రంపపు పొట్టులో కూర్చున్నాడు. నేను గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తితే, ఆయన పొట్టు దులుపుకుంటూ లేచి గుర్రానికి క్షమాపణ చెప్పాడు. మనసులో కాదు, పైకే. ఆ తరవాత కర్రకి కూడా చెప్పాడేమో అని నాకు అనుమానం.

ఇదిగో, అసలు వింత ఇప్పుడు చెబుతాను. వెంటనే నేనెక్కాను. దూకింది. పోస్టాఫీసు ఆవిడ కూతురు ఎక్కింది. దూకింది. మళ్ళీ ఆయన్ని ఎక్కించాను, ఆగిపోయింది! ఒంట్లో నలత లేదు, సామాన్లో లోపం లేదు. ఇంక మిగిలింది వీపు మీది మనిషే. ఆ మాట ఆయనతో అనడానికి నాకు నోరు రావడం లేదు. రోజూ కొట్టు... రోజూ పని ముగించుకుని, అలసిపోయి కూడా వస్తాడు పాపం. ఏం చెయ్యమంటావు?

అన్నట్టు నీ ఉద్యోగం గురించి నేనేమీ రాయదలచుకోలేదు. రాస్తే తిడతాను.

మరదలు

*

గుర్రాల ఫారం,
పైగది.

మరదలు పిల్లకు,

గుర్రం మెడ మీదుగా దిగిన ఆ పెద్దమనిషిని నా తరఫున పరామర్శించు. నవ్వానని మాత్రం చెప్పకు. నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి పెట్టాయి.

ముందు అడ్డకర్ర తీసెయ్యి. కొన్నాళ్ళు నేల మీద కర్రలు పరిచి, వాటి మీదుగా ఇద్దరినీ నడిపించు. తరవాత కాస్త వేగం పెంచి దుడుకు నడక. దూకడమనేది ఒకటుందని ఇద్దరూ మరిచిపోవాలి. ఆ తరవాత రెండు కర్రలు అడ్డంగా గుణకారం గుర్తులా పెట్టు, మధ్యలో చీలమండ ఎత్తుకి మించకూడదు. ఆయన చేతికి పట్టుకోడానికి గుర్రం మెడ చుట్టూ ఒక పట్టీ కట్టు. అది ఉంటే కంగారులో పగ్గాలు లాగి దాని నోరు నొప్పించడు.

ఇంకో పని చెయ్యి. నువ్వెప్పుడూ ఎదురుగా నిలబడి 'భలే భలే' అంటూ చూస్తావు. అలా కాదు, పక్కనుంచి చూడు. కళ్ళు ఎటు చూస్తున్నాయి? చేతులేం చేస్తున్నాయి? పిక్కలు గుర్రాన్ని ఆనుకున్నాయా, గాల్లో వేలాడుతున్నాయా? ఊపిరి తీస్తున్నాడా, బిగబడుతున్నాడా? నోరు ఏం చేస్తోంది? నవ్వకు, దూకేముందు నోరు బిగించేవాళ్ళూ ఉంటారు, గొణిగేవాళ్ళూ ఉంటారు. గుర్రానికి అన్నీ తెలుస్తాయి. చూసింది చూసినట్టు రాయి. నీ కవిత్వం కలపకు.

ఇక్కడ యజమానురాలు నిన్న మళ్ళీ అడిగింది. మంచి మనిషి, తొందరపెట్టదు గానీ ఆవిడకీ మనిషి కావాలి కదా. ఇక్కడ ఉండిపోవాలనే అనిపిస్తోంది, మరదలా. నువ్వు తిడతావని తెలిసీ రాస్తున్నాను. మనసులో ఒక్క ముల్లు లేకుండా ఉంటే ఈపాటికి ఒప్పుకునేదాన్ని.

వదిన

*

స్వారీ బడి,
మైదానం పక్క బల్ల.

వదినా,

నీ ఉద్యోగం గురించి ఏమీ రాయనన్నాను గానీ ఉండబట్టలేదు. నువ్వు అక్కడ ఉండిపోతే నేను నీతో జన్మలో మాట్లాడను. మాట్లాడకుండా ఉండలేనని నీకూ తెలుసు, అదే నా ఖర్మ.

సరే, చూసింది చూసినట్టు రాస్తున్నాను. కవిత్వం లేదు.

నేల మీద కర్రలంటే ఏ పేచీ లేదు. ఇద్దరూ హాయిగా, సాయంత్రం షికారుకి వెళ్ళినట్టు దాటేస్తున్నారు. గుణకారం గుర్తు దగ్గరే వచ్చింది చిక్కంతా. పక్కనుంచి చూశాను. కళ్ళు: మొదట్లో బాగానే ముందుకు చూస్తున్నాడు, కర్ర దగ్గర పడేసరికి గుర్రం చెవుల వైపు దిగిపోతున్నాయి. చేతులు: మెత్తగా ఉన్నాయి, లాగడం లేదు, అసలు ఆ చేతులు ఎవరినీ నొప్పించవు. పిక్కలు: కర్రకి కొంచెం ముందు ఊడిపోయిన తలుపు రెక్కల్లా పక్కకి వేలాడుతున్నాయి. ఊపిరి: తీస్తున్నాడు.

నోరు: గొణుగుతున్నాడు. ఏమంటున్నాడా అని నిన్న కర్ర పక్కనే కూర్చుని చెవులు రిక్కించి విన్నాను. గుర్రం ఆఖరి అడుగుల్లో చెవి ఒకటి వెనక్కి తిప్పి వేగం తగ్గిస్తుంది. ఆ క్షణంలోనే పగ్గాలు ఇంకాస్త వదులు చేసి, ఎంతో ప్రేమగా, 'నీ ఇష్టం నాయనా, నీ ఇష్టం' అంటున్నాడు. గుర్రం ఆగిపోతోంది.

ఇదీ సంగతి. దీనికేం మందో రాయి. వార్షికోత్సవానికి ఎక్కువ రోజుల్లేవు.

మరదలు

*

గుర్రాల ఫారం,
పైగది.

మరదలా!

మీ అన్నయ్య గుర్రమెక్కాడా?

నీ ఉత్తరం గుర్రాల మధ్య నిలబడి చదివాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వేసిన కేకకి రెండు పిల్ల గుర్రాలు కంచె దాకా పరిగెత్తాయి. ఆ 'నీ ఇష్టం' ఇంకెవరిదవుతుంది? ఒట్టు వేయించుకున్నాడట, బిడియస్తుడట, రోజూ కొట్టు అని రాయబోయి పని అని దిద్దావు, నేను చూడలేదనుకున్నావా? ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోకుండా శాలలో అడుగు పెట్టని మనిషి! నేను పోటీల్లో దూకుతుంటే భయమేసి గోడవైపు తిరిగి నిలబడే మనిషి! రంపపు పొట్టులో పడింది ఆయనా? నడుముకేం కాలేదు కదా? నిజం చెప్పు.

నవ్వుతూ చదవడం మొదలెట్టాను. ఆఖరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఎందుకో నీకు తెలుసు.

నాకు తెలిసిపోయిందని ఆయనతో అనకు. నీ విద్యార్థికని ఈ పాఠం చెప్పు, నీ మాటగానే చెప్పు.

ఆ గుర్రం దూకనని అనడం లేదు. అడుగుతోంది. చెవి వెనక్కి తిప్పిందంటే 'వెళ్దామా?' అని ప్రశ్న. దానికి కర్ర అవతల ఏముందో తెలియదు. ఎంత ఎత్తుందో, దిగాక ఎటు వెళ్ళాలో వీపు మీది మనిషికే తెలుసు. అడిగినప్పుడు జవాబు రావాలి. 'నీ ఇష్టం' జవాబు కాదు. ఆ మాట అన్నవాడు తానేదో గౌరవం ఇచ్చాననుకుంటాడు. విన్నవాళ్ళకి ఒంటరిగా వదిలేసినట్టు ఉంటుంది.

కర్రకి మూడు అంగల ముందే పిక్కలు దగ్గరికి చేర్చమను. కళ్ళు కర్ర మీద కాదు, అవతల తాను ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నాడో అక్కడ పెట్టమను. పిక్కలతోనే 'పద' అనమను. మనసు కుదరకపోతే ముందుగానే పక్కకి తిప్పి చుట్టు తిరిగి రమ్మను, తప్పు లేదు. 'ఇప్పుడు కాదు' అన్నదీ జవాబే. గుర్రం దానికి నొచ్చుకోదు. ఏదో ఒకటి చెప్పాలి, అంతే. ఎదురు చెబుతారేమోనని భయపడి ఏమీ చెప్పకపోవడం మంచితనం కాదని చెప్పు. కాస్త మెల్లిగా చెప్పు.

యజమానురాలిని వార్షికోత్సవం అయ్యేదాకా ఆగమన్నాను.

వదిన

*

స్వారీ బడి,
ఆఫీసు గది, వార్షికోత్సవం సాయంత్రం.

వదినా,

ఒట్టు నేను తప్పలేదు, నువ్వు కనిపెట్టావు. దేవుడి ముందు ఇలాగే వాదించుకుంటాను.

నువ్వు వెళ్ళిన కొత్తల్లో ఒకరోజు అన్నయ్య శాలకి వచ్చాడు. రుమాలు మరిచిపోయి వచ్చాడు. హెడ్మాస్టారి ముందు చాలాసేపు నిలబడి, 'ఇది కూడా తలుపు వైపే చూస్తోందేమే' అన్నాడు. 'కూడా' అన్నాడు వదినా. మర్నాడు వచ్చి ఎక్కించమన్నాడు. వార్షికోత్సవానికల్లా నువ్వు తిరిగొస్తావని, నీ ఎదుట కర్ర దాటాలని ఆశ. నాకింకా పెద్ద ఆశ. ఇది తెలిస్తే నువ్వు ఉద్యోగం గిద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తావని! ఆ లెక్కతోనే పొట్టులో పడ్డ ప్రతిసారీ లేపి మళ్ళీ ఎక్కించాను.

నీ పాఠం నా మాటగా చెప్పాను. 'ఎదురు చెబుతారేమోనని' అన్న దగ్గర అన్నయ్య నా మొహంలోకి చూశాడు. ఆ రోజు గుర్రమెక్కకుండా దాన్ని మాలిష్ చేసి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి వేరే మనిషి.

ఇవాళ చెబుతాను విను. కుర్చీలన్నీ నిండాయి. పిల్లలంతా దూకేశాక అన్నయ్య వంతు. మోకాలెత్తు కర్రే పెట్టాం. వచ్చాడు, కర్ర దగ్గర పడింది, ఉన్నట్టుండి గుర్రాన్ని పక్కకి తిప్పేశాడు. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటే తిప్పింది గుర్రం కాదు, మనవాడు. కుదరలేదు, తిప్పాడు. చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాడు. కళ్ళు ఎక్కడో దూరంగా గేటు మీద ఉన్నాయి. హెడ్మాస్టారి చెవి వెనక్కి తిరిగింది. అన్నయ్య పిక్కలు దగ్గరికి చేరాయి. 'పద!' అన్నాడు, నాడాల మేస్త్రి ఉలిక్కిపడేంత గట్టిగా.

దూకారు! కళ్ళజోడు ఎగిరిపోయింది, ఒక కాలు రికాబులోంచి ఊడిపోయింది, మెడని కావలించుకుని, అడ్డదిడ్డంగా, ఎలా అయితేనేం అవతలికి దిగారిద్దరూ. నేను ఏడ్చాను. నాడాల మేస్త్రి కళ్ళలో పొట్టు పడిందని అరిచాడు.

ఇక్కడి దాకా నా లెక్కే. ఇప్పుడు విను నా బతుకు.

గుర్రం మీద ఉండగానే నన్ను పిలిచాడు. 'మీ వదినకి నువ్వు ఉత్తరాలు రాస్తున్నావని నాకు తెలుసు. నువ్వు చెప్పావే, ఆ ఉద్యోగం ఒప్పుకోమని రాయి. వచ్చేవారం కొట్టు సామాను సర్దుకుని నేనే వెళ్తున్నాను. వాచీలు ఏ ఊళ్ళో అయినా ఆగిపోతాయి. వస్తానని అడగడం లేదు, వస్తున్నానని చెబుతున్నానని రాయి. వద్దంటే అక్కడే, నా ఎదుట చెప్పమను' అన్నాడు. 'మరి నేను?' అన్నాను. 'నీకేమే, బడి ఉంది' అన్నాడు. పైగా గుర్రాన్ని కూడా పంపే వీలుందేమో కనుక్కోమన్నాడు.

ఇదేం న్యాయం వదినా? నిన్ను రప్పించుకోడానికి ఇంత చేశాను. ఇప్పుడు వదినా లేదు, అన్నా లేడు, చూడబోతే గుర్రం కూడా ఉండేట్టు లేదు. కోపంగా ఉంది. సంతోషంగా ఉంది. అన్నయ్య అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేను. అందుకే నీకు రాస్తున్నాను.

మరదలు

*

గుర్రాల ఫారం,
రెండు గదుల ఇల్లు.

నా బంగారు మరదలికి,

నీ ఉత్తరం అందిన రోజే యజమానురాలి దగ్గరికి వెళ్ళి ఉండిపోతానని చెప్పేశాను. ఆవిడ ఏమయిందమ్మా, మొహం అలా వెలిగిపోతోందని అడిగింది. మా ఆయన కర్ర దాటారండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు గానీ తల ఊపింది.

గుర్రాన్ని పంపకు. మీ అన్నయ్య అడిగితే అడిగాడు, నేను వద్దంటున్నాను. ఇంతమందిని పోగొట్టుకుని నువ్వు ఒంటరిగా ఉండడం నాకిష్టం లేదు. వాడు ఇక నీ గుర్రం. వాణ్ణి పిల్లలకి నేర్పడానికి పెట్టుకో. చలి మొదలవగానే కొన్నాళ్ళపాటు బడికి తాళం వేసి ఇక్కడికి రా. పిల్ల గుర్రాలని నీకు చూపించాలి. రాకపోతే నేనే వచ్చి జీను వేసి తీసుకొస్తాను.

నిన్న మీ అన్నయ్య దిగాడు. ఒక చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకో చేతిలో గోడ గడియారం. నడుముకి పట్టీ ఉంది, నువ్వు నాకు రాయలేదు, అది వేరే లెక్క తేల్చుకుందాం. గేటు దగ్గర నన్ను చూసి, 'వచ్చాను' అన్నాడు. నేను చూస్తూనే ఉన్నానని చెప్పాను. గడియారం అందుకుని ఇంటి వైపు నడిచాను.

ఇంట్లోకి వచ్చాక మొదలైంది అసలు సంగతి. రెండు గదుల్లో ఒకదానికే మంచి కిటికీ ఉంది. ఆ గది నాకని నేను ముందే అనుకుని బల్ల వేసుకున్నాను. ఆయన లోపలికి వచ్చి, కిటికీ చూసి, 'నా పనికి వెలుతురు కావాలి, ఇది నాది' అన్నారు. కుదరదన్నాను. ఎందుకు కుదరదన్నారు. గొంతు పెంచాను, ఆయనా పెంచారు. మీ అన్నయ్యకి అంత గొంతుందని నాకు నిన్ననే తెలిసింది, మరదలా! దాణా పోసే మనిషి పని ఆపి కిటికీలోంచి తొంగి చూశాడు. గెలవాలనే పోట్లాడాను, ఉత్తినే కాదు. అయినా ఓడిపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో ఇది మా మొదటి పోట్లాట.

ఇప్పుడు ఈ చీకటి గదిలో దీపం పెట్టుకుని నీకు రాస్తూ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. పక్కగదిలోంచి కేకేస్తున్నారు. నా నవ్వుకి చెయ్యి అదిరి ఏదో సన్న స్ప్రింగు కింద పడిపోయిందట. 'నువ్వే వచ్చి వెతికిపెట్టు' అంటున్నారు. వెళ్తున్నాను, ఉంటాను.

మీ వదిన